వీధిపాలైన వానలు

ఆ లోగిలిలో అందరూ ఆవిడని తూము పెద్దమ్మ అనేవారు. అసలు పేరు లేకపోలేదు. ఆసుపత్రిలో ఆయాగా చేసినన్నాళ్ళూ ఆ పేరు మీదే జీతం పుచ్చుకుంది. కానీ లోగిలిలో పుట్టి పెరిగిన పిల్లలకి అమ్మ, నాన్న తరవాత నోరు తిరిగిన మాట తూము పెద్దమ్మే. ఆవిడ చెల్లెల్ని కాజాల పిన్ని అనేవారు. దుకాణం వాళ్ళు పంపే చొక్కాలకి కాజాలు కుట్టి, గుండీలు వేసి ఇవ్వడం ఆమె పని. ఇద్దరూ మూలగదిలో ఉండేవారు. పెద్దమ్మ పెళ్ళి మాట తలపెట్టలేదు. పిన్నికి పెళ్ళయింది గానీ ఆ మనిషి నాలుగు కాలాలు బతకలేదు. పెట్టె పట్టుకుని తిరిగొచ్చిన రోజున అక్క గుమ్మంలో నిలబడి, "వచ్చావా, కాళ్ళు కడుక్కో. చెంబుడు నీళ్ళు చాలు, ఎక్కువ పొయ్యకు" అంది. పిన్ని ఆ రోజు ఏడవడానికి బదులు నవ్వేసింది. తరవాత ఎప్పుడు తలుచుకున్నా ఆ మాటే ముందు గుర్తొచ్చేది.

ఆ ఊళ్ళో నేల కింది నీళ్ళు ఉప్పన. కుళాయి వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు రానట్టు. వచ్చినా గిన్నెలు తోముకోడానికే పనికొచ్చేవి. అందుకని ఎప్పుడో పెద్దవాళ్ళు లోగిలి మధ్యన నేలతొట్టి ఒకటి తవ్వించి, గచ్చు చేయించి, పైన ఇనప మూత వేయించారు. కప్పుల మీద పడిన వాన చూరు వెంట కట్టిన రేకు దోనెల్లోకి జారేది. దోనెలన్నీ మూలగది పక్కన ఒకే గొట్టంలో కలిసేవి. ఆ గొట్టం కొసన చేత్తో తిప్పే వంపు ఉంది. దాన్ని బయటికి తిప్పితే నీళ్ళు గోడ కన్నంలోంచి వీధి కాలవలోకి పోతాయి. లోపలికి తిప్పితే గులకరాళ్ళు, ఇసక, బొగ్గు నింపిన గూట్లో వడకట్టుకుని తొట్టిలోకి దిగుతాయి. అదే తూము. వానాకాలంలో తొట్టి నిండితే ఎండాకాలం గట్టెక్కినట్టే. నిండకపోతే నీళ్ళ లారీ కోసం బిందెలేసుకుని వీధిలో పడిగాపులు పడాలి.

తూము మీద చెయ్యి వేసే హక్కు పెద్దమ్మ ఒక్కదానిదే. ఎవరూ కట్టబెట్టలేదు, ఎవరూ కాదనలేదు.

"మొదటి వాన మనది కాదు, వీధిది" అనేది ఆవిడ. ఎండాకాలమంతా కప్పు మీద పేరుకున్న దుమ్ము, పిట్టల రెట్టలు, పొగమసి, చచ్చిన తొండలు, అన్నీ మొదటి వానతోనే దిగుతాయి. దాన్ని వదిలెయ్యాలి. కప్పు ఒళ్ళు కడుక్కున్నాక పడే వానకే తూము లోపలికి తిప్పాలి. ఆశగా ఎదురుచూసిన వాన కళ్ళెదుట కాలవలో కలిసిపోతుంటే కొత్తగా అద్దెకొచ్చిన వాళ్ళకి ప్రాణం ఉసూరుమనేది. ఒకాయన, "కాస్త పట్టుకుంటే పోయేదేముందండీ?" అని అడిగాడు.

"పోయేది మీ పిల్లాడే" అంది పెద్దమ్మ.

ఆ మాట అంత కటువుగా ఎందుకన్నదో పిన్నికి తెలుసు. అక్క పసిపిల్లల వార్డులో చేసింది. ఒక ఏడు ఏదో పేటలో తాగే నీళ్ళు పాడై, మంచానికి ఇద్దరేసి పిల్లల్ని పడుకోబెట్టాల్సి వచ్చింది. పొద్దున పక్కబట్ట మార్చిన పిల్లకి సాయంత్రం మార్చే అవసరం ఉండేది కాదు. ఆ సంగతి అక్క చెల్లెలికి ఒక్కసారే చెప్పింది. చెప్పి, చేతులు కడుక్కోడానికి లేచింది. అప్పుడు కూడా కడిగిన నీళ్ళు పారబొయ్యకుండా గుమ్మం ముందు చల్లింది.

నీళ్ళ విషయంలో ఆవిడ పిసినారితనం లోగిలికంతా నవ్వులాట. బియ్యం కడిగిన నీళ్ళతో కూరలు కడగాలి, కూరలు కడిగిన నీళ్ళతో గిన్నెల జిడ్డు వదలగొట్టాలి, ఆ నీళ్ళు చివరికి మొక్కకి పొయ్యాలి. "ఈవిడ చేతిలో పడ్డ నీటిబొట్టు అన్ని జన్మలూ ఎత్తితే గాని వదలదమ్మా" అనేవాడు ఎదురుగది తాత. ఒకప్పుడు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చినవాడు. వేళ్ళ చివర్ల నలుపు ఇంకా పోలేదు. "ఆ చేతులు కడుక్కోమని నీళ్ళిస్తే మీరు జన్మంతా కడుగుతారు, అందుకే ఇవ్వను" అని పెద్దమ్మ జవాబు. ఇద్దరికీ రోజూ అదే ఫలహారం.

అలా ఏళ్ళు గడిచాయి. లోగిలిలో ఒక్క పిల్లాడికి కూడా నీళ్ళ వల్ల జబ్బు చెయ్యలేదు.

చివరికి ఒక ఏడు వానలు బాగానే పడ్డాయి గాని తొట్టి నిండలేదు.

ముందు కనిపెట్టింది డ్రైవరు భార్య. ఆమె మొగుడు బస్సు తోలతాడు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. చంటిపిల్ల తల్లి. మూత తీసి చేద వేస్తే అడుగున తగిలి ఖంగుమంది. "ఇదేంటి పెద్దమ్మా, ఇన్ని వానలు పడితే?" అంది.

"ఎన్ని పడ్డాయే? ఇంకా మొదలవ్వందే" అంది పెద్దమ్మ, గుమ్మంలో కూర్చుని గోళ్ళు తీసుకుంటూ.

డ్రైవరు భార్య పిన్ని వైపు చూసింది. పిన్ని సూదిలో దారం ఎక్కించుకుంటూ తల ఎత్తలేదు. అక్క వేళాకోళం ఆడుతోందనుకుంది.

అప్పటికే పిన్ని కొన్ని చూసింది. చూసి, చూడనట్టు పక్కకి పెట్టింది. ఒక పూట అక్క బియ్యం కడిగింది. కడిగిన నీళ్ళు గిన్నెలోకి వంచింది. మళ్ళీ మంచినీళ్ళు పోసి కడిగింది. ఇంకోసారి పోసి కడిగింది. నాలుగోసారి కూడా చెయ్యి బిందె మీదికి వెళ్తుంటే పిన్ని ఉండబట్టలేక, "అక్కా, కడిగేశావుగా" అంది. "ఎప్పుడు కడిగాను? నీకు కుట్టుమిషను చప్పుడులో ఏమీ తెలీదు" అని అక్క విసుక్కుంది. ఇన్నేళ్ళలో అక్క చేతిలో ఒక్క గ్లాసు మంచినీళ్ళు వృథా పోవడం పిన్ని చూడలేదు. ఆ పూట అన్నం చప్పగా ఉంది. పిన్ని అలాగే తింది. పెద్దతనం కదా, పరాకు అనుకుంది. అనుకోవాలని అనుకుంది.

అమ్మ పోయినప్పుడు పిన్ని అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల. ఎత్తుకున్నదీ, జడ వేసిందీ, బళ్ళో వేసిందీ, పెళ్ళి చేసిందీ అక్కే. అక్క నిప్పంటే నిప్పు, నీళ్ళంటే నీళ్ళు. అటువంటి అక్క మాట తప్పని చెప్పడానికి ఆమె నోటికి అలవాటు లేదు.

ఒక మధ్యాహ్నం వాన వచ్చింది. మిషను ఆపి, చొక్కాల మూట కిటికీ దగ్గర నుంచి జరుపుతూ పిన్ని బయటికి చూసింది. అక్క తూము దగ్గర తడుస్తూ నిలబడి ఉంది. వీధి వైపు పోతున్న ధార కింద అరచెయ్యి పెట్టింది. వేళ్ళ మధ్య నలిపి చూసింది. తల అడ్డంగా ఊపి, తూముని అలాగే వదిలేసింది. గోడ కన్నంలోంచి నీళ్ళు గలగలా వీధిలోకి దూకుతున్నాయి. పిన్ని చూరు కిందకొచ్చింది. ధార అద్దంలా ఉంది. అందులో నలక లేదు, నలుపు లేదు.

"అక్కా, నీళ్ళు తేటగా ఉన్నాయే. తిప్పు."

"మొదటి వాన కదే, ఎలా తిప్పుతాను?"

"మొన్న పడిందిగా. నిన్న తెల్లారగట్ట కూడా పడింది."

"నిన్నా?" అక్క చిన్నపిల్లని చూసినట్టు చూసింది. "నిన్న ఎండకి నేల పెట్లిపోలేదూ? నువ్వు ఏదైనా కలగన్నావేమో. లోపలికి పో, జలుబు చేస్తుంది."

పిన్ని లోపలికి పోయింది. మిషను ముందు కూర్చుంది గాని కాలు ఆడలేదు. చొక్కా మీద సుద్దముక్కతో గీసిన గీత ఎక్కడుందో కనిపించలేదు. ఆ కాలంలో పడిన వానలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అక్క అన్ని వానలకీ బయటికెళ్ళింది. అన్ని వానల్నీ చేత్తో తాకి చూసింది. అక్కకి అన్నీ మొదటి వానలే.

ఈ సంగతి బయటపడకూడదు, అనుకుంది పిన్ని. ఆమెకి తోచింది అదొక్కటే. తెలిస్తే తూము అక్క చేతిలోంచి తీసేసుకుంటారు. తూము లేకపోతే అక్కకి ఇంకేం మిగిలింది? పెద్దమ్మా పెద్దమ్మా అని గుమ్మం ముందు ఆగే వాళ్ళందరూ రేపు పాపం అని తప్పుకుపోతారు. దానికన్నా తనే ఎలాగో సర్దుకోవచ్చు.

అప్పటినుంచి దొంగతనం మొదలైంది. వాన పడుతుండగా అక్క బట్టలు మార్చుకోడానికి లోపలికి రాగానే, పిన్ని వెనకనుంచి జారి వెళ్ళి తూము లోపలికి తిప్పేది. కాసేపైనా తొట్టిలో నీళ్ళు పడిన చప్పుడు వినిపిస్తే ప్రాణం కుదుటపడేది. కానీ అక్క కుదురుగా ఉండే మనిషి కాదు. వాన ఆగేలోగా మళ్ళీ బయటికొచ్చేది, మళ్ళీ వీధి వైపు తిప్పేది. పైగా పిన్ని చొక్కాలివ్వడానికి దుకాణానికి వెళ్ళిన రోజునే వాన దంచి కొట్టేది.

ఒక రోజు పట్టుబడింది, కాకపోతే పట్టుబడింది ఆమె కాదు. తూము లోపలికి తిరిగి ఉండడం చూసి పెద్దమ్మ లోగిలి మధ్యన నిలబడి కేకలేసింది. ఆ సమయానికి డ్రైవరు భార్య బకెట్టు పట్టుకుని తొట్టి దగ్గరుంది.

"నువ్వేనా తిప్పింది? చంటిపిల్ల తల్లివి, బుద్ధి లేదూ? కప్పు మీద కుళ్ళంతా తొట్టిలోకి వదిలావు. రేపు ఆ పిల్లకి విరేచనాలు పట్టుకుంటే ఎవరి కాళ్ళు పట్టుకుంటావు? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

పిన్ని గుమ్మంలో నిలబడింది. నేనక్కా అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేనంటే, "ఎందుకు?" అంటుంది అక్క. అడిగితే చెప్పాలి. అందరి ముందూ చెప్పాలి.

డ్రైవరు భార్య బకెట్టు కింద పెట్టింది. ఒకసారి పిన్ని వైపు చూసింది. "పొరపాటైంది పెద్దమ్మా, ఇంకెప్పుడూ ముట్టుకోను" అంది.

చెయ్యని తప్పు డ్రైవరు భార్య ఎందుకు ఒప్పుకుందో పిన్నికి అర్థం కాలేదు. గొడవెందుకని కాబోలు అనుకుని, తన పిరికితనాన్ని తానే తిట్టుకుంది.

వానాకాలం కొసకొస్తున్న కొద్దీ లోగిలిలో గుసగుసలు పెరిగాయి. తొట్టి బీటలిచ్చి నీళ్ళు నేలలోకి ఇంకిపోతున్నాయేమోనని మేస్త్రీని పిలిచారు. ఆ మేస్త్రీ తండ్రే ఆ తొట్టికి గచ్చు చేసినవాడు. నిచ్చెన వేసుకుని దిగాడు. పైనుంచి లాంతరు పట్టుకున్నది పిన్ని. బీట లేదని ఆమెకి తెలుసు. తెలిసి కూడా, "ఆ మూల చూడు నాయనా, ఈ మూల చూడు" అంటూ లాంతరు తిప్పింది. అడుగున మడమ మునిగేటన్ని నీళ్ళలో అతను గోడలన్నీ తట్టి చూశాడు. పైకొచ్చి, పంచె కొస పిండుకుంటూ తూము వైపు చూశాడు. తూము వీధి వైపు తిరిగి ఉంది. అతను చూపు దించుకున్నాడు.

"తొట్టి రాయిలా ఉందమ్మా. దోనెలే ఎక్కడో కారుతున్నట్టున్నాయి" అన్నాడు.

"దోనెలే అయి ఉంటాయి" అన్నాడు అచ్చాఫీసు తాత వెంటనే.

"అవునవును, దోనెలే" అన్నారు మిగతావాళ్ళు.

పెద్దమ్మ గుమ్మంలో నుంచి, "ముందు వాన పడనీండి, తరవాత దోనెల సంగతి చూద్దురుగాని" అంది. ఎవరూ నవ్వలేదు. ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. పిన్నికి బతికి బయటపడ్డట్టయింది. ఎంత అమాయకులు వీళ్ళు, అని కూడా అనిపించింది.

మర్నాడు పెద్దమ్మ కునుకు తీస్తుండగా డ్రైవరు భార్య వచ్చింది. పిల్ల చంకలో ఉంది. మిషను పక్కన పీట మీద కూర్చుని, ఏదో చెప్పాలని వచ్చి నీళ్ళు నమిలింది. చివరికి, "పిన్నీ, ఇంకో రెండు వానలు పడతాయేమో, అంతే. ఆ తరవాత ఏం చేద్దాం?" అంది.

"దోనెలు బాగుచేయించాలి."

"దోనెలు బాగానే ఉన్నాయి పిన్నీ."

పిన్ని చేతిలో కత్తెర ఆగింది.

"మా వంటింటి కిటికీలోంచి తూము కనపడుతుంది. వానలు మొదలైన నెల నుంచీ చూస్తున్నాను" అంది డ్రైవరు భార్య. "మీరు వెళ్ళి తిప్పి రావడం కూడా చూశాను."

"మరి ఆ రోజు అన్ని మాటలు ఎందుకు పడ్డావే తల్లీ?"

"పడితే ఏమయింది? నా కాన్పప్పుడు ఆయన ఊళ్ళో లేడు. నీళ్ళు కాచి, పిల్లని చేతిలోకి తీసుకుంది ఆవిడే. తిట్టే హక్కు ఆవిడకి లేదా?" పిల్ల జుట్టు సర్దింది. "నేనొక్కదాన్నే కాదు. తాతగారికి తెలుసు. ఆయనే నాతో, నోరెత్తకు, పెద్దావిడ బాధపడుతుంది అన్నారు. మేస్త్రీకి చూడగానే తెలిసింది. ఎదురింట్లో వాళ్ళకి వీధిలో పోయే నీళ్ళు చూసే తెలిసింది. అందరికీ తెలుసు పిన్నీ. ఎవరికి వాళ్ళం నోరు మూసుకున్నాం."

ఇన్నాళ్ళూ పిన్ని ఇంటి గుట్టు కొంగున కట్టుకుని తిరుగుతున్నాననుకుంది. అది లోగిలి నడిమధ్యన ఆరేసిన బట్టలా ఉందన్నమాట. అందరూ దాన్ని తప్పుకుని నడిచారు. ఒక మనిషి మనసు కష్టపెట్టకూడదని, ఒక కాలం వానంతా కాలవలో కలిపారు.

"మీరు చెబితేనే ఆవిడ వింటుంది" అంది డ్రైవరు భార్య లేస్తూ. "నాకు మాత్రం చెప్పాలని ఉందా? కానీ దీనికి ఎండాకాలంలో ఏం పట్టను? ఉప్పునీళ్ళు పట్టనా?" ఆమె గొంతులో కోపం లేదు. అదుంటే పిన్నికి తేలికగా ఉండేది.

చెబుదామని పిన్ని రెండు మూడుసార్లు నోరు తెరిచింది. ఒకసారి చెప్పింది కూడా. "అక్కా, ఈ ఏడు వానలు చాలానే పడ్డాయి. నువ్వు మర్చిపోతున్నావు" అంది. అక్క నిదానంగా విన్నది. ముఖం పాలిపోయింది. "అలాగా" అంది. "అయితే తిప్పేస్తానులే. ఈసారి గుర్తు చెయ్యి." చెల్లెలి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పిన్ని గుండె బరువు దిగింది. సాయంత్రం అక్క ఆకాశం వంక చూసి, "ఏమిటో, ఈ ఏడు ఇంకా చినుకు లేదు" అంది.

మళ్ళీ వాన వచ్చిన రోజు పిన్ని దుకాణానికి బయల్దేరి మూట భుజాన వేసుకుంది. పడమటి వైపు కారుమబ్బు కమ్మడం చూసి మూట దించేసింది. మొదటి చినుకులు రేకుల మీద టపటపలాడేసరికి తూము దగ్గరికి వెళ్ళి లోపలికి తిప్పింది. తిప్పి, రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. గొట్టం వణకడం మొదలైంది. దోనెల్లో నీళ్ళు పరుగెత్తి వచ్చాయి. మొన్నటి వానకి కడిగిన కప్పే, ధార వెంటనే తేటపడింది.

పెద్దమ్మ బయటికొచ్చింది.

"చెయ్యి తియ్యి" అంది.

"తియ్యను అక్కా."

"ఏమే, నీకేమైంది? మొదటి వాన. చెయ్యి తియ్యి."

"మొదటిది కాదు."

"ఎవరు చెప్పారు నీకు? ఎన్నడైనా నువ్వు తూము ముట్టుకున్నావా? పసిపిల్లలు తాగేవి. చూశావా నువ్వు, పిల్లలు ఎలా పోతారో? నేను చూశాను." ఆవిడ తూము వంపు పట్టుకుంది. లాగింది. ఆ చేతుల్లో ఇంకా అంత బలం ఉందని పిన్ని అనుకోలేదు. ముసలివాళ్ళిద్దరూ వానలో ఒక ఇనప వంపు పట్టుకుని పెనుగులాడారు. తాత గది తలుపు తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. డ్రైవరు భార్య కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డారు, తప్పుకున్నారు. సాయానికి ఎవరూ రాలేదు. రాకపోవడమే మర్యాద అనుకున్నారు.

చివరికి పెద్దమ్మ పట్టు వదలకుండానే ముఖం దగ్గరికి తెచ్చి అడిగింది. "నా మాట మీద నీకు నమ్మకం లేదా?"

పిన్ని చెప్పాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. నీ తప్పు కాదు అక్కా, నీకు ఒంట్లో బాగోలేదు, నువ్వు చెప్పిన నియమమే నిలబెడుతున్నాను అని చెప్పొచ్చు. అవన్నీ చెప్పి చూసిందే. సాయంత్రానికి ఒక్కటీ నిలవదు. ఇక మిగిలింది ఒక్క మాట.

"లేదక్కా" అంది.

పెద్దమ్మ చెయ్యి వదిలేసింది. వెనక్కి తగ్గి చెల్లెల్ని చూసింది. అరవలేదు. "అలా చెప్పు" అంది. "అయితే నువ్వే చూసుకో."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. పిన్ని తూము వదల్లేదు. వాన జోరు పెరిగింది. లోగిలి మధ్యన, ఇనప మూత కింద, నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలైంది. ముందు గుల్లగా, తరవాత బరువుగా. ఎన్నాళ్ళుగానో అందరూ ఎదురుచూసిన చప్పుడు. ఏ తలుపూ తెరుచుకోలేదు. ఆ వాన చాలాసేపు కురిసింది. పొద్దుగూకేదాకా పిన్ని అక్కడే నిలబడింది.

లోపలికొచ్చేసరికి అక్క తడి బట్టలతోనే మంచం అంచున కూర్చుని ఉంది. పిన్ని తువాలు తెచ్చి తల తుడిచింది. అక్క తల వంచింది, ఆసుపత్రిలో ఎవరో ముక్కూముఖం తెలియని నర్సు తుడుస్తున్నట్టు.

మర్నాటికి పెద్దమ్మకి ఆ వాన గుర్తు లేదు. పెనుగులాట గుర్తు లేదు. కానీ ఆ తరవాత కురిసిన వానకి మంచం మీద నుంచి లేవలేదు. చినుకుల చప్పుడు విని కాళ్ళు కింద పెట్టింది. కాసేపు అలాగే ఉండి, మళ్ళీ పైకి తీసుకుంది. ఎందుకు వెళ్ళకూడదో ఆవిడకి తెలిసి ఉండదు. వెళ్ళకూడదని మాత్రం తెలుసు.

తొట్టి అంచుదాకా నిండలేదు గాని ముప్పాతిక నిండింది. పొదుపుగా వాడుకున్నారు. ఎండాకాలం వచ్చింది. వీధిలో లారీ ఆగితే బిందెల చప్పుళ్ళు, తోపులాటలు, తిట్లు వినిపించేవి. లోగిలిలో వాళ్ళు వెళ్ళాల్సిన పని లేకపోయింది. డ్రైవరు భార్య కూతురు తప్పటడుగులు వేసింది. తాత మూలగది ముందు ఆగి, "పెద్దమ్మా, చేతులు కడుక్కోవాలి, గ్లాసుడు నీళ్ళు" అని ఎప్పటిలా కవ్వించేవాడు. ఆవిడ మర్యాదగా, "లోపల ఆవిణ్ణి అడగండి" అనేది. కొన్నాళ్ళకి తాత అడగడం మానేశాడు.

ఆ రోజుల్లోనే పిన్నికి ఇంకొకటి తెలిసింది. అక్కకి దాహం వేస్తే గ్లాసు నింపి ఇచ్చేది. అక్క అందుకునేది, నోటిదాకా తెచ్చి ఆగేది.

"ఎవరు పట్టారు ఈ నీళ్ళు?"

"నేనే అక్కా. మన తొట్టిలోవే. మంచివే."

అక్క గ్లాసు కింద పెట్టేసేది. దాహంతో పెదాలు ఎండి ఉన్నా తాగేది కాదు. బతిమాలినా అంతే, కోప్పడినా అంతే. పిన్ని తాను ముందు సగం తాగి చూపించింది. "నీ ఇష్టం, నువ్వు తాగు" అంది అక్క. చెల్లెలి పేరు ఒక్కోరోజు మర్చిపోయేది, ముఖం మర్చిపోయేది, చెల్లెలు ఒకతె ఉందనే మర్చిపోయేది. ఈ మనిషి చేతి నీళ్ళు తాగకూడదన్నది మాత్రం మర్చిపోలేదు.

అందుకని పిన్ని ఒక ఏర్పాటు చేసుకుంది. తొట్టిలోంచి తనే నీళ్ళు తోడేది. తనే వడగట్టి, కాచి, చల్లార్చి, గ్లాసులో పోసేది. పోసి, మూత పెట్టి, లోగిలి దాటి డ్రైవరు భార్య గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళేది. ఆమె చేతిలో పని వదిలి, చెయ్యి తుడుచుకుని, గ్లాసు పట్టుకుని ముందు నడిచేది.

"పెద్దమ్మా, నీళ్ళు తెచ్చాను. నేనే పట్టాను" అనేది.

"నువ్వేనా తల్లీ?"

"నేనే."

"అయితే ఇవ్వు."

పిన్ని లోపలికి వెళ్ళేది కాదు. తలుపు వెనక నిలబడి, గుటకలు వినేది. ఖాళీ గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు అయ్యాక, వచ్చి మిషను ముందు కూర్చునేది.